విశాఖ నుంచి అరకుకు అద్దాల పెట్టెలో: చంటిపిల్లలున్న ఇంటికి ఎంతవరకు తగిన ప్రయాణం?

విశాఖపట్నం స్టేషన్ నుంచి ఉదయం ఏడు గంటలకు కాస్త ముందుగా బయలుదేరి, కొత్తవలస దాటాక తూర్పు కనుమల్లోకి మళ్ళి, అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు వెళ్ళే రైలు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. కాని వారిలో ఎక్కువమంది స్నేహితులతో వెళ్ళిన యువకులు, లేదా కొత్తగా పెళ్ళైన జంటలు. రెండేళ్ళ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఐదేళ్ళ కొడుకు చేయి పట్టుకుని, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళేవారికి కావలసిన సమాచారం వేరు. పాప నాలుగు గంటలు ఒకచోట కూర్చుంటుందా, డైపర్ ఎక్కడ మార్చాలి, పాలు వేడిగా ఎలా ఉంచాలి, దారిలోని బొర్రా గుహల్లో మెట్లు ఎన్ని, దిగిన తరువాత ఎక్కేది ఎవరు, ఇవీ మా ప్రశ్నలు. మేము అరకుకు ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాము. మొదటిసారి కారులో ఘాటు రోడ్డు మీద, రెండోసారి ఇదే రైలులో మామూలు పెట్టెలో, మూడోసారి మొన్నటి కార్తీక మాసంలో విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో. ఈ మూడింటినీ పోల్చి చూసుకున్న మీదట కలిగిన అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కారు ప్రయాణం సంగతి చెప్పాలి, ఎందుకంటే చిన్నపిల్లలున్నవారు సౌకర్యమనుకుని మొదట ఎంచుకునేది అదే. విశాఖ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు నూటపదిహేను కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటేవరకు రోడ్డు సాఫీగానే సాగుతుంది. ఆ తరువాత మలుపులు మొదలవుతాయి. మా వాడికి అప్పట్లో మూడేళ్ళు. అనంతగిరి చేరేలోపు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, తెచ్చుకున్న మూడు జతల బట్టల్లో రెండు అక్కడికే అయిపోయాయి. పిల్లల సీటులో బెల్టు బిగించి కూర్చోబెట్టినప్పుడు వారి కళ్ళకు కిటికీ అంచు తప్ప దూరపు కొండ కనిపించదు. శరీరం మలుపు తిరుగుతున్నదని చెవి లోపలి భాగం చెబుతుంటే, కన్ను మాత్రం కదలని సీటు వీపును చూస్తూ ఉంటుంది. ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరకనే కడుపు తిప్పుతుంది. రైలు మార్గంలోనూ మలుపులకు కొదవ లేదు, కాని రైలు తిరిగే వంపు రోడ్డు వంపు కంటే చాలా విశాలమైనది, వేగమూ తక్కువ. పైగా పిల్లవాడు లేచి నిలబడి దూరంగా చూడగలడు. రెండు రైలు ప్రయాణాల్లోనూ మా ఇద్దరు పిల్లల్లో ఎవరికీ వాంతి కాలేదు. కేవలం ఈ ఒక్క కారణం మీదనే, ఐదేళ్ళలోపు పిల్లలున్నవారికి కొండ ఎక్కేటప్పుడు రైలే మేలని నిస్సంకోచంగా చెబుతాను.

ఇక అద్దాల పెట్టె. దీనిని ఈ రైలుకు 2017 ఏప్రిల్‌లో మొదటిసారి జతచేశారు. అప్పటి పెట్టెలో నలభై సీట్లు. పైకప్పులో కొంత భాగం అద్దం, ఇరువైపులా సాధారణ పెట్టెల కంటే బాగా పెద్ద కిటికీలు, కావలసిన దిక్కుకు తిప్పుకోగల కుర్చీలు, ఒక చివర నిలబడి చూసేందుకు కొంత ఖాళీ స్థలం. ప్రకటనల్లో పైకప్పు అద్దాన్నే గొప్పగా చూపిస్తారు. పిల్లల విషయంలో మాత్రం ఆ పైకప్పుకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ఎక్కిన మొదటి ఐదు నిమిషాలు మా వాడు తల పైకెత్తి మబ్బులు చూశాడు, ఆ తరువాత ఒక్కసారి కూడా చూడలేదు. ఎండ ఎక్కాక ఆ అద్దంలోంచి వచ్చే వెలుగు నిద్రపోతున్న పాప ముఖం మీద పడి, ఆమెకు తువ్వాలు గొడుగుగా పట్టుకోవలసి వచ్చింది. అయితే అసలు విలువ పక్క కిటికీలో ఉంది. మామూలు పెట్టెలో రెండేళ్ళ పాప సీటు మీద నిలబడితే తప్ప బయట ఏమీ కనిపించదు, నిలబడితే మనం పట్టుకుని ఉండాలి. ఇక్కడ కిటికీ అద్దం కిందికంటా ఉండటం వల్ల, పాప కూర్చున్నచోటు నుంచే లోయను, లోయలో మేకలను, మేకల వెనక పరుగెత్తే పిల్లలను చూడగలిగింది. ఆమె ఎత్తుకు సరిపోయిన కిటికీ అంతకుముందు ఏ రైలులోనూ నాకు కనిపించలేదు.

తిరిగే కుర్చీల గురించి ఒక జాగ్రత్త. పెద్దలకు అవి సౌకర్యం, పిల్లలకు అవి రంగులరాట్నం. మా వాడు ఆ మీట ఎక్కడుందో కనిపెట్టిన క్షణం నుంచి కుర్చీ ఒకచోట నిలవలేదు. తిరుగుతున్న కుర్చీకి, పక్క కుర్చీ చేతికి మధ్య చిన్న వేళ్ళు పడే అవకాశముంది కనుక, నాలుగు కుర్చీలను ఎదురెదురుగా తిప్పుకుని, ఆ తరువాత మీట పక్కన పెద్దలు కూర్చోవడం మంచిది. లోయ ఒకప్పుడు ఈ పక్కన, మరొకప్పుడు ఆ పక్కన వస్తుంది కాబట్టి కిటికీ పక్క సీటు కోసం ఏ వైపు ఎంచుకోవాలన్న ఆందోళన అనవసరం. పెట్టె చివరనున్న ఖాళీ స్థలం మాత్రం పిల్లలున్నవారికి వరం. నాలుగు గంటల ప్రయాణంలో పాపకు పదేసి నిమిషాలు నడవడానికి ఆ జాగా ఉపయోగపడింది. అది ఫోటోలు తీసుకునేవారితో నిండకముందే, అంటే శృంగవరపుకోట రాకముందే వాడుకోవాలి.

టికెట్ విషయం. మామూలు రిజర్వేషన్ పెట్టెల్లో ఐదేళ్ళు నిండని పిల్లలకు వేరే సీటు అడగకపోతే టికెట్ అవసరం లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ళ మధ్యవారికి విడిగా బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి ఛార్జీ చెల్లించాలి. డబ్బు మిగులుతుందని పాపను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాలనుకోవడం సహజమే, మేమూ రెండోసారి ప్రయాణంలో అలాగే చేశాము. పన్నెండు కిలోల పాపను ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి కూర్చున్న తరువాత, దిగగానే గుహ మెట్లు దిగి ఎక్కడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. మూడోసారి పాపకు కూడా సీటు తీసుకున్నాము. ఆ సీటులో ఆమె కూర్చున్నది గంటసేపే, కాని సంచి, పాలసీసా, బొమ్మ, మడిచిన దుప్పటి, అన్నీ అక్కడే ఉండటం వల్ల మా కాళ్ళు మాకు మిగిలాయి. రిజర్వేషన్ ప్రయాణానికి అరవై రోజుల ముందు నుంచి ఇస్తారు. నవంబరు నుంచి జనవరి వరకు, అందులోనూ కార్తీక మాసపు శని, ఆదివారాల్లో వెళ్ళదలచినవారు ఆ మొదటి రోజునే చూసుకోవాలి. వారం మధ్యలో వెళ్ళగలిగితే ఇంకా మంచిది.

ఈ మార్గాన్ని వేసినది విహారయాత్రల కోసం కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960లలో ఈ కొండలను తొలిచారు. ప్రయాణికుల రైలు ఇక్కడ, ఒక రకంగా, ఖనిజం బండ్లకు తోడొచ్చిన చుట్టం. రెండో లైను పనులు సాగుతున్నా ఘాటులో చాలాకాలం ఒక్క లైనే ఆధారం కనుక, ఎదురుగా వచ్చే గూడ్సుకు దారివ్వడానికి బండి స్టేషన్లలో ఆగడం ఈ మార్గం స్వభావం. సమయపట్టికలోని వేళను గట్టిగా నమ్ముకుని, అరకులో దిగిన అరగంటకు భోజనం, గంటకు మ్యూజియం అని లెక్కలు వేసుకునేవారు చిరాకు పడతారు. పిల్లవాడున్న మాకు ఆ ఆగడమే వినోదమైంది. ఎర్రటి దుమ్ము కప్పుకున్న గూడ్సు పెట్టెలు, ముందు జతగా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువగా జోడించిన ఇంజన్లు, కొండంతా దద్దరిల్లే చప్పుడు. మా వాడు పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభై దాటాక అంకెలు కలగలిసి, మళ్ళీ ఒకటి నుంచి అందుకున్నాడు. పక్క సీటులో ఒక పెద్దాయన గడియారం చూసుకుంటూ నిట్టూరుస్తుంటే, వీడు ఇంకొక గూడ్సు రావాలని కోరుకుంటున్నాడు.

సొరంగాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు మార్గం మొత్తం మీద 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయని చెబుతారు. వీటిలో కొన్ని అరకు దాటాక, ఒడిశా వైపు వస్తాయి కాబట్టి, అరకులో దిగేవారి లెక్క యాభై ఎనిమిదికి చేరదు. పిల్లలకు ముందే ఈ మాట చెప్పకపోతే, దిగేటప్పుడు ‘ఇంకా ఉన్నాయి కదా, ఎందుకు దిగుతున్నాం’ అని పేచీ పెడతారు, మా అనుభవం అదే. మా వాడికి ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి, సొరంగానికొక గీత గీయమన్నాము. ఐదో గీతను అడ్డంగా గీసి కట్టలు కట్టడం అక్కడే నేర్చుకున్నాడు. ఈ పుస్తకం ధర పది రూపాయలు. ఫోను చేతికివ్వకుండా మూడు గంటలు గడపడానికి మేము పెట్టిన ఖర్చు అంతే.

రెండేళ్ళ పాప విషయం మాత్రం వేరు. బండి సొరంగంలోకి వెళ్ళగానే ప్రయాణికులందరూ కేకలు వేయడం ఈ రైలులో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. పెద్దపిల్లలకు అది సంబరం. ఉన్నట్టుండి చీకటి కమ్మి, నాలుగు వైపుల నుంచి అరుపులు వినిపిస్తే చంటిపిల్లకు అది సంబరంగా తోచదు. మొదటి సొరంగంలో మా పాప గుక్కపెట్టి ఏడ్చింది, రెండో దానిలో తల్లి మెడ గట్టిగా పట్టుకుంది. మూడోదానికి ముందు ఆమె చేత చప్పట్లు కొట్టిస్తూ, ‘దొంగ సొరంగం వస్తోంది, మనమే ముందు అరుద్దాం’ అని చెబితే, మెల్లగా భయం పోయింది; పదో సొరంగానికి పెట్టెలో అందరికంటే ముందుగా అరిచినది ఆమె. కిటికీలు మూసి ఉన్న అద్దాల పెట్టెలో చప్పుడు కొంత తక్కువ. కిటికీలు తెరిచి ఉండే మామూలు పెట్టెలో గాలి హోరు, చక్రాల మోత, అరుపులు కలిసి ఎంతో ఎక్కువ. శబ్దానికి బెదిరే పిల్లలున్నవారు అద్దాల పెట్టెను ఎంచుకోవడానికి నా దృష్టిలో ఇది, కిటికీ ఎత్తు తరువాత, రెండో మంచి కారణం.

అలాగని మామూలు పెట్టెను తీసిపారేయలేను. రెండోసారి ప్రయాణంలో ఊచల కిటికీ దగ్గర కూర్చున్న మా వాడికి తడిసిన మట్టి వాసన, కొండగాలి చలి, స్టేషన్లలో ఎక్కే పల్లెవాసుల మాటలు, బుట్టల్లో వచ్చిన సీతాఫలాలు, ఉడికించిన వేరుశనగలు, ఇవన్నీ దొరికాయి. అద్దాల పెట్టెలో ఇవేవీ లేవు. అందులో లోకం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అంత దూరంగానూ ఉంటుంది. మామూలు పెట్టెకు ఉన్న ఇబ్బందులు కూడా తెలిసినవే. కిటికీ రేకు తలుపు జారితే వేళ్ళు నలుగుతాయి, దాని కొక్కెం సరిగా పడిందో లేదో ఎక్కగానే చూసుకోవాలి. గేటు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకునేవారిని చూసి పిల్లలు అటే పరుగెత్తుతారు. ఐదేళ్ళవాడికి ఒక హద్దు గీసి, ‘ఈ సీటు దాటితే నాన్న చేయి పట్టుకోవాలి’ అని బండి కదలకముందే ఒప్పందం చేసుకున్నాము. రెండేళ్ళ పాపకు ఒప్పందాలు పనిచేయవు, ఆమె వెంట ఒక మనిషి ఉండవలసిందే. అందుచేత ఇద్దరు పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దలు లేకుండా మామూలు పెట్టెలో ఈ ప్రయాణం వద్దంటాను.

తిండి విషయంలో నా సలహా ఒక్కటే, దారిలో దొరుకుతుందనుకోకుండా ఇంటి నుంచే తీసుకువెళ్ళాలి. మేము ఇడ్లీలకు నెయ్యి రాసి, కారం తగలకుండా డబ్బాలో పెట్టుకున్నాము. వాటితోపాటు పెరుగన్నం, అరటిపళ్ళు, జంతికలు. పులిహోర పెద్దలకే. కాచిన పాలను ఫ్లాస్కులో పోసుకోవడం కంటే, వేడినీళ్ళు ఫ్లాస్కులో, పాలపొడి విడిగా పెట్టుకోవడం మేలు. పాలు గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే విరుగుతాయి. మరొక చిన్న విషయం. విశాఖ సముద్రమట్టం, అరకు దానికి తొమ్మిది వందల మీటర్ల పైన, మధ్యలో సిమిలిగుడ స్టేషన్ ఇంకా పైన, దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉండి, ఒకప్పుడు దేశంలోనే అత్యంత ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరు పొందింది. ఎక్కేటప్పుడు చెవులు కొద్దిగా దిబ్బళ్ళు వేస్తాయి. పెద్దలు గుటక వేసి సరిచేసుకుంటారు, చంటిపిల్లలకు అది తెలియక చిరాకు పడతారు. బొర్రా దగ్గర పడుతుండగా పాలో నీళ్ళో కొద్దికొద్దిగా తాగిస్తే సరిపోతుంది. ఎత్తుతోపాటు ఉష్ణోగ్రత కూడా విశాఖ కంటే ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. అద్దాల పెట్టెలో ఏసీ చలి అదనం. స్వెటరు పెద్ద సంచి అడుగున కాకుండా చేతికందేలా ఉండాలి.

డైపర్ మార్చడానికి రైలు మరుగుదొడ్డి, అది ఎంత శుభ్రంగా ఉన్నా, కదిలే బండిలో తగిన చోటు కాదు. మడత పరుపు ఒకటి సీటు మీద పరచి, అత్తగారు పాత నూలు చీరను తెరలా పట్టుకుంటే, పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ చీర ఈ ప్రయాణంలో చేసిన సేవ అంతా ఇంతా కాదు. తెర, దుప్పటి, ఎండకు గొడుగు, చివరికి అరకులో పాపను వీపుకు కట్టుకునే జోలె కూడా అదే. వాడిన డైపర్లను కవరులో మూటగట్టి మాతోనే ఉంచుకుని, చెత్తకుండీ ఉన్నచోటే వేశాము. ఈ లోయల్లోకి విసరడం తగదు.

బొర్రా గుహలు దగ్గర దిగాలా, నేరుగా అరకు వెళ్ళాలా అన్నది అందరినీ వేధించే ప్రశ్న. స్టేషన్ గుహలకు దగ్గరే. కాని బొర్రాలో దిగితే సామానుతో దిగాలి, గుహలు చూశాక ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఘాటు రోడ్డు మీద జీపులోనో కారులోనో అరకు చేరాలి. అంటే తప్పించుకున్నామనుకున్న మలుపులు మళ్ళీ ఎదురవుతాయి. గుహలు చూడదగినవే, సందేహం లేదు. సున్నపురాయిని నీరు యుగాల తరబడి కరిగించి, మళ్ళీ చుక్కచుక్కగా పేర్చిన ఆకారాలు, రంగు దీపాలు, లోపలి శివలింగం, ఆ ప్రాంతంలోనే గోస్తనీ నది పుట్టుక, ఇవన్నీ ఐదేళ్ళవాడి ప్రశ్నలకు వారం రోజుల మేత. పైనుంచి పడే నీటి చుక్క రాయిగా మారుతుందని చెబితే, మా వాడు చేయి చాచి ఐదు నిమిషాలు నిలబడి, ‘నా చేయి రాయి కాలేదు నాన్నా’ అని నిరాశపడ్డాడు.

అయితే లోపలికి వందల మెట్లు దిగాలి, దిగినన్నీ ఎక్కాలి. మెట్లు చాలాచోట్ల తడిగా ఉంటాయి, స్ట్రోలరు పూర్తిగా నిరుపయోగం. గబ్బిలాల వాసన, మసక వెలుతురు, సెలవు రోజుల్లో మోచేతులు తగిలే రద్దీ. గుహ ముఖద్వారం దగ్గర కోతులు పిల్లల చేతుల్లోని అరటిపండును, చిప్స్ పొట్లాన్ని వదిలిపెట్టవు. అక్కడ పిల్లల చేతులు ఖాళీగా ఉండాలి. మూడేళ్ళలోపు పిల్లలను ఎత్తుకుని దిగడం సాధ్యమే, మేము రెండోసారి దిగాము కూడా, కాని చూసినది తక్కువ, మోసినది ఎక్కువ. మూడోసారి పాపను, అత్తగారిని నా భార్యతో కలిసి నేరుగా అరకు పంపి, నేను కొడుకుతో బొర్రాలో దిగాను. కుటుంబాన్ని ఇలా రెండుగా చీల్చడం కొందరికి నచ్చకపోవచ్చు. మాకు మాత్రం ఇది మూడు ప్రయాణాల్లోకెల్లా మంచి నిర్ణయమైంది. పాపకు గది, నిద్ర దొరికాయి. కొడుకుకు తండ్రి ఒక్కడే దొరికాడు, చెల్లెలి ఏడుపు అడ్డం రాకుండా.

అరకులో ఒకరోజులో అన్నీ చూపిస్తామనే ప్యాకేజీలు విశాఖలో అడుగడుగునా దొరుకుతాయి. ఉదయం రైలు, మ్యూజియం, తోట, భోజనం, ధింసా నృత్యం, కాఫీ తోట, గాలికొండ, గుహలు, రాత్రికి తిరిగి విశాఖ. కాగితం మీద ఇది పొదుపుగా కనిపిస్తుంది. చిన్నపిల్లలకు ఇందులో నిద్రకు చోటు లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు పాపకు కునుకు రావలసిన సమయానికి బస్సు కదులుతుంది, సాయంత్రం ఐదింటికి పిల్లలిద్దరూ ఏడుస్తూ ఉంటారు, గైడు గడియారం చూపిస్తూ ఉంటాడు. మా పొరుగువారు మూడేళ్ళ పిల్లవాడితో అలా వెళ్ళి వచ్చి, వాడికి గుర్తున్నది బస్సు హారను ఒక్కటే అన్నారు. కనీసం ఒక రాత్రి అరకులో ఉండేవారికే ఈ ప్రయాణాన్ని సిఫారసు చేస్తాను.

ఆ ఒక్క రాత్రికి మేము ఎంచుకున్న లాడ్జి పేరు రాయను, ఎందుకంటే అలాంటివి అక్కడ ఒకటి కాదు. ఫోనులో అడిగినప్పుడు ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్ళన్నారు. తీరా వెళ్ళాక ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు, అదీ బకెట్టుతో అడిగి తెచ్చుకోవాలన్నారు. నవంబరు చలిలో, రాత్రి తొమ్మిదింటికి పాప పక్క తడిపితే చన్నీళ్ళతో ఏం చేయగలం? కిందనున్న టీ దుకాణంలో ఒక పెద్దావిడ అడగకుండానే గిన్నెడు నీళ్ళు కాచి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. గది తీసుకునే ముందు వేడినీళ్ళ వేళలు, మంచానికి గోడకు మధ్య ఖాళీ, బాల్కనీ కటకటాల సందులు, కిటికీలకు దోమతెరలు ఉన్నాయా లేదా, ఇవి అడిగి తెలుసుకోవాలి. మన్యం మలేరియాకు పేరుపడిన ప్రాంతం. సాయంత్రమయ్యేసరికి పిల్లలకు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేయాలి, దోమతెర ఒకటి వెంట ఉంచుకోవాలి.

చూడవలసిన చోట్లలో చిన్నపిల్లలకు నేను మొదటి స్థానం ఇచ్చేది గిరిజన మ్యూజియానికి. 1996లో ఏర్పాటైన ఈ చోటు ఎక్కువగా చదునైన నేల మీద ఉంది, నడవడానికి సులువు. గిరిజనుల ఇళ్ళు, పెళ్ళి, వేట, సంత, ధింసా ఆట, ఇవన్నీ నిలువెత్తు బొమ్మలుగా ఉంటాయి. చదవడం రాని పిల్లలకు బొమ్మే పాఠం. పాప ఒక బొమ్మతల్లి వీపుకు కట్టిన బొమ్మపాపను చూసి, తననూ అలాగే కట్టమని మారాం చేసింది. అత్తగారి చీర జోలెగా మారినది అప్పుడే. ఆ పక్కనే కాఫీ మ్యూజియంలో పెద్దలకు కాఫీ, పిల్లలకు చాక్లెట్లు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని పిల్లలకు కాఫీ అంటే కప్పు కాదు, చెట్టు. దారిలో సిల్వర్ ఓక్ మాను చుట్టూ పాకిన మిరియాల తీగను, నీడన ఎర్రబడిన కాఫీ పండ్లను ఒక్కసారి దగ్గరగా చూపిస్తే చాలు.

పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. ఇప్పుడు గులాబీలు, చెట్ల మీద కట్టిన గుడిసెలు, తోటంతా తిప్పే చిన్నరైలు ఉన్నాయి. అసలు రైలులో నాలుగు గంటలు వచ్చిన పిల్లలు ఈ బొమ్మరైలు కోసం మళ్ళీ మారాం చేయడం చూసి నాకు నవ్వు వచ్చింది. చాపరాయి దగ్గర మాత్రం కఠినంగా ఉండాలి. విశాలమైన బండ మీద పల్చగా జారే నీరు పిల్లలకు ఎంత ఆకర్షణో, పాచి పట్టిన ఆ రాయి అంత ప్రమాదం. వానాకాలంలో పిల్లలను ఆ నీటిలోకి దించకపోవడమే మంచిది. మిగతా రోజుల్లో కూడా పెద్దలు ముందు అడుగు వేసి చూడాలి. జలపాతాలు, వ్యూపాయింట్లు చిన్నపిల్లలకు పెద్దగా అక్కరలేదు. రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరగబూసిన వలిసె (ఒక నూనెగింజల పంట) చేను దగ్గర పది నిమిషాలు ఆగితే, ఏ వ్యూపాయింటూ ఇవ్వనంత ఆనందం పొందారు. అయితే చేలో పూలమొక్కలు విరిగిపోవడం ఎక్కువైందని రైతులు బాధపడుతున్నారు, గట్టు మీదనే నిలబడాలి, రుసుము అడిగితే ఇవ్వడం న్యాయం.

భోజనానికి అందరూ బొంగు చికెన్ గురించి అడుగుతారు. వెదురు బొంగులో మాంసం కూరి నిప్పుల మీద కాల్చే ఆ వంటకం పెద్దలకు బాగుంది, కాని పిల్లలకు కారం ఎక్కువ. వేడి అన్నం, ముద్దపప్పు, పెరుగు విడిగా పెట్టమని ముందుగా చెబితే చిన్న భోజనశాలలవారు కాదనరు. పన్నెండున్నరకే వెళ్ళాలి, రెండింటికి వెళితే పప్పు ఉండదు.

చివరిగా తిరుగు ప్రయాణం. కిరండూల్ నుంచి వచ్చే రైలు మధ్యాహ్నం దాటాక అరకు చేరుతుంది, విశాఖ వచ్చేసరికి రాత్రి అవుతుంది. శీతాకాలంలో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది కనుక, బొర్రా దాటిన కొద్దిసేపటికే ఆ పెద్ద కిటికీల్లో మన ముఖాలు తప్ప ఏమీ కనిపించవు. వెళ్ళేటప్పుడు అద్దాల పెట్టెకు పెట్టిన డబ్బు ప్రతి రూపాయీ గిట్టుబాటు అయింది. వచ్చేటప్పుడు పెట్టినది దండగ. పిల్లలు పడుకోవడానికి వీలుగా, రిజర్వేషన్ ఉన్న మామూలు పెట్టె తిరుగు ప్రయాణానికి సరిపోతుంది. మా పాప అరకు దాటగానే నిద్రపోయింది. మా వాడు మాత్రం నోటుపుస్తకం తీసి, వెళ్ళేటప్పుడు గీసిన గీతల పక్కన కొత్త పేజీ మొదలుపెట్టాడు. ఆరో గీత దగ్గర పెన్సిలు ఆపి, బయట కూడా చీకటిగానే ఉంది, సొరంగం ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో ఎలా తెలుస్తుంది అని అడిగాడు. చప్పుడు మారితే సొరంగమన్నాను. కిటికీ అద్దానికి చెవి ఆనించి వింటూ, శివలింగపురం స్టేషన్ వచ్చేలోపు అలాగే నిద్రలోకి జారుకున్నాడు.